రెండు జెర్సీల మధ్య

జాతీయ సీనియర్ వాలీబాల్ పోటీల మహిళల ఫైనల్లో కేరళ, రైల్వేస్ జట్లు ఎదురెదురుగా నిలబడటం ఏళ్ల తరబడి ఆనవాయితీగా సాగింది. అప్పుడు గ్యాలరీలో కూర్చుంటే నెట్‌కు ఇటువైపూ మలయాళం అరుపులే, అటువైపూ మలయాళం అరుపులే. కేరళ కోర్టుల్లో ఆట నేర్చుకున్న అమ్మాయిల్లో రైల్వే ఉద్యోగం దొరికినవాళ్లు ఒకవైపు, సొంత రాష్ట్రంలో ఉండిపోయినవాళ్లు మరోవైపు. 2018లో కోజికోడ్‌లో పురుషుల ఫైనల్లో కేరళ రైల్వేస్‌ను ఓడించింది. అదే పోటీల్లో మహిళల ఫైనల్లో మాత్రం రైల్వేస్‌దే పైచేయి. మరుసటి ఏడాది చెన్నైలో కేరళ అమ్మాయిలు ఆ బాకీ తీర్చుకున్నారు. ఈ పోటీల చరిత్ర తెలుసుకోవాలంటే గెలిచిన జట్ల జాబితా ఒక్కటే చదివితే చాలదు. ఎవరు ఏ జెర్సీ వేసుకున్నారు, ఎందుకు వేసుకున్నారు అన్నది కూడా చూడాలి.

అమెరికాలోని హోల్యోక్ పట్టణంలో 1895లో విలియం మోర్గాన్ అనే వైఎంసీఏ వ్యాయామ బోధకుడు రూపొందించిన ఈ ఆట, అదే వైఎంసీఏ ద్వారా మన దేశానికి వచ్చింది. ఒక నెట్, ఒక బంతి, చదును చేసిన నేల ఉంటే చాలు కాబట్టి పల్లె దాన్ని వెంటనే సొంతం చేసుకుంది. తొలి అంతర్రాష్ట్ర పోటీలు 1936లో లాహోర్‌లో జరిగాయి. అప్పటికి వాలీబాల్‌కు ప్రత్యేక సమాఖ్య లేదు, భారత ఒలింపిక్ సంఘమే చూసుకునేది. 1950 వరకు రెండేళ్లకోసారి, అదీ పురుషులకు మాత్రమే పోటీలు పెట్టేవారు. ఈ మధ్యలోనే దేశం రెండయింది. పోటీలు పుట్టిన ఊరు సరిహద్దుకు అవతల ఉండిపోయింది.

1951లో భారత వాలీబాల్ సమాఖ్య ఏర్పడింది. దాని తొలి సమావేశం లూధియానాలో జరిగింది. మరుసటి ఏడాది మద్రాసులో ఆ సమాఖ్య నిర్వహించిన మొదటి జాతీయ పోటీల్లోనే మహిళలకూ చోటు దొరికింది. ఈ ఒక్క విషయం దగ్గర కాసేపు ఆగాలి. దేశంలో తొలి సాధారణ ఎన్నికలు ముగిసిన ఏడాది అది. ఆడవాళ్లు మగవాళ్లతో సమానంగా ఓటు వేసి వచ్చిన కొద్ది నెలల తేడాలోనే వాలీబాల్ కోర్టులోకీ దిగారు. మహిళలకు ప్రపంచ వాలీబాల్ పోటీలు మొదలైందీ 1952లోనే, మాస్కోలో. ఒలింపిక్స్‌లోకి ఈ ఆట రావడానికి మరో పన్నెండేళ్లు పట్టింది. కొత్తగా పుట్టిన ఒక సమాఖ్య, డబ్బు లేని రోజుల్లో, ఎవరూ ఒత్తిడి పెట్టకుండానే ఇంత పని చేయగలిగింది. ఆనాటి నిర్వాహకుల పేర్లు ఈ తరానికి తెలియకపోవడం బాధాకరం.

ఆ పునాది మీదే పతకాలు వచ్చాయి. 1958 టోక్యో ఆసియా క్రీడల్లో కాంస్యం, 1962 జకార్తాలో రజతం, 1986 సియోల్‌లో మళ్లీ కాంస్యం. 1961లో అర్జున అవార్డులు మొదలైనప్పుడు తొలి జాబితాలోనే వాలీబాల్ ఆటగాడు పళనిస్వామి ఉన్నారు. 1975లో కె.సి. ఏలమ్మ, ఆ తర్వాతి ఏడాది ఇరవై ఒక్కేళ్ల జిమ్మీ జార్జ్ ఆ గౌరవం అందుకున్నారు. ఇటలీ క్లబ్బులకు ఆడి అక్కడి అభిమానుల మనసు గెలిచిన జిమ్మీ, 1987లో అక్కడే కారు ప్రమాదంలో కన్నుమూశారు. పేరావూరుకు చెందిన జిమ్మీ, ఆయన అన్నదమ్ముల ఆట గురించి ఉత్తర కేరళలో ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు.

తెలుగువాళ్లకూ ఈ వరుసలో చోటుంది. 1974లో శ్యాంసుందర్‌రావు, ఆ దశాబ్దం ముగిసేలోపే అరికపూడి రమణారావు అర్జున అందుకున్నారు. ఆ తర్వాత ఇద్దరూ శిక్షకులుగా ద్రోణాచార్యులు కూడా అయ్యారు. ఆడటమూ ఆడించడమూ రెండూ వచ్చినవాళ్లు ఏ ఆటలోనైనా అరుదే. 1989లో హైదరాబాదీ అబ్దుల్ బాసిత్, 2000లో పి.వి. రమణ అర్జున అందుకున్నారు. సియోల్ కాంస్యం గెలిచిన జట్టులో రమణ ఆడారు. ఆయన భార్య విజయ కూడా వాలీబాల్ క్రీడాకారిణే. ఇద్దరూ రైల్వేలో ఉద్యోగం చేశారు. వాళ్ల కూతురు పి.వి. సింధు బ్యాడ్మింటన్‌లో ఎదగడానికి వెనకున్న ఇల్లు అది. వాలీబాల్ ఇచ్చిన నెల జీతం ఒక కుటుంబాన్ని నిలబెడితే, ఆ కుటుంబం దేశానికి రెండు ఒలింపిక్ పతకాలు తెచ్చింది.

అందుకే రాష్ట్రాల ఆటగాళ్లను తీసుకుపోతున్నాయని రైల్వేస్‌నో, సైనిక దళాల జట్టైన సర్వీసెస్‌నో తప్పుబట్టడం న్యాయం కాదు. వాలీబాల్ ఆడేవాళ్లలో ఎక్కువమంది చిన్నకారు రైతుల, కూలీల బిడ్డలు. ముప్పై ఏళ్లకు మోకాళ్లు మొరాయించిన తర్వాత వాళ్లను పోషించేది పతకం కాదు, ఉద్యోగం. జాతీయ పోటీల సర్టిఫికెట్‌ను ప్లాస్టిక్ కవర్లో భద్రంగా పెట్టుకుని స్పోర్ట్స్ కోటా దరఖాస్తుల వెంట తిరిగే పిల్లలకు ఆ కాగితం విలువ తెలుసు. గత దశాబ్దంలో సమాఖ్య పాలన తగాదాల్లో చిక్కుకుని, గుర్తింపే ప్రశ్నార్థకమైనప్పుడు ఎక్కువ నష్టపోయింది ఈ పిల్లలే. పద్దెనిమిదేళ్ల ఆటగాడికి ఒక ఏడాది పోవడమంటే చిన్న సంగతి కాదు. పెద్దలు అది గ్రహించి ఉంటే తగాదాలు అంత దూరం వెళ్లేవి కావు.

అయితే ఉద్యోగం కోసం రాష్ట్ర జెర్సీ విప్పక తప్పని పరిస్థితి కూడా మంచిది కాదు. కేరళ దీనికో దారి చూపింది. ఆ రాష్ట్ర విద్యుత్ బోర్డు వాలీబాల్ అమ్మాయిలకు ఉద్యోగాలిచ్చి సొంత జట్టును పెంచింది. ఆ ఉద్యోగినులు జాతీయ పోటీల్లో కేరళ తరఫునే ఆడతారు. రైల్వేస్‌ను దించిన కేరళ బలంలో ఆ జీతాల వాటా తక్కువేమీ కాదు.

మన దగ్గర ఆట చచ్చిపోలేదు. సంక్రాంతికి కోస్తా పల్లెల్లో ఫ్లడ్‌లైట్లు కట్టి టోర్నమెంట్లు ఆడిస్తున్నారు. 2022లో ప్రైమ్ వాలీబాల్ లీగ్ మొదటి సీజన్ మొత్తం గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలోనే జరిగింది. లీగ్ కొద్ది వారాల్లో ముగుస్తుంది, పండగ మూడు రోజుల్లో ముగుస్తుంది. మిగిలిన నెలల్లో పొద్దున్నే ప్రాక్టీసు చేసి, మధ్యాహ్నం ఆఫీసుకు వెళ్లి, రాష్ట్రం పేరున్న జెర్సీతో జాతీయ పోటీలకు బయల్దేరే వీలు మన ఆటగాళ్లకు ఎంతమందికి ఉంది? జట్టుకు కావలసింది పన్నెండు, పద్నాలుగు మంది. రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ సంస్థలూ, ఆర్టీసీలూ తలచుకుంటే అమ్మాయిలకు ఒకటి, అబ్బాయిలకు ఒకటి చొప్పున జట్లు నిలపడం వాటికి మోయలేని భారం కాదు. వచ్చే నియామకాల్లోనే ఆ పని మొదలుపెట్టాలని అడుగుతున్నాం.