బల్లక్రింది అట్టపెట్టెలు

గడచిన సంవత్సరము మన పాఠశాలయందు జరిగిన వైజ్ఞానిక ప్రదర్శనమున ఒక చిన్న కంప్యూటరు పెట్టె యుంచబడెను. అల్యూమినియపు రేకుతో చేయబడిన ఆ పెట్టెను ఒక బాలుడు చంకన బెట్టుకొని పోవచ్చును. చూడవచ్చిన పెద్దలు దాని నునుపును, మెరుగును మెచ్చుకొనిరి. దానిని చేసిన విద్యార్థులు మువ్వురును మిగుల సంతోషించిరి. కాని ఆ బల్లక్రింద, పరచిన గుడ్డ మాటున, మూడు అట్టపెట్టెలు పడియుండెను. ఒకదానికి మూత పడలేదు; ఒకదానికి ప్రక్క గోడ చీలియున్నది; మూడవది చిల్లులతో నిండియున్నది. అతిథుల కంటబడుట బాగుగా నుండదని ఎవరో వానిని క్రిందికి నెట్టిరి. నా యభిప్రాయమున ఆనాడు ముఖ్యముగా చూడదగినవి ఆ మూడే. ఈ మాట కొందరికి వింతగా తోచవచ్చును గనుక కారణములను విన్నవించుచున్నాను.

ముందుగా ఈ పనియొక్క స్వభావమును తెలిసికొందము. కంప్యూటరునకు ప్రాణాధారమైన పలకను మదరుబోర్డు అందురు. 1995లో ఇంటెల్ సంస్థవారు ఏర్పరచిన ఏటీఎక్స్ అను కొలత ప్రకారము ఆ పలక 305 మిల్లీమీటర్ల పొడవును, 244 మిల్లీమీటర్ల వెడల్పును గలది. అట్టి పలకను, తక్కిన సామగ్రిని ఇముడ్చుకొను నిలువుపెట్టెలు అనేకము 40 లీటర్లకు పైబడిన ఘనపరిమాణము గలవి. 2001లో తైవాను దేశపు వయా సంస్థవారు మినీ ఐటీఎక్స్ అను కొలతను ప్రకటించిరి. ఇది ప్రక్కకు 170 మిల్లీమీటర్లు గల చతురస్రము. దీనికి తోడుగా ఎస్ఎఫ్ఎక్స్ అను చిన్న పవరు సప్లై గలదు. దాని కొలతలు 125, 100, 63.5 మిల్లీమీటర్లు. ఈ రెండును లభించుటచే 20 లీటర్లకు లోబడిన పెట్టెలను చేయు నుత్సాహము పలు దేశములలో వ్యాపించెను.

చిన్నపెట్టె యనగా పెద్దపెట్టె కొలతలను సగమునకు తగ్గించుటయే యని బాలురు తలంతురు. అది పొరపాటు. పెద్దపెట్టెలో ఖాళీ జాగా మన తప్పులన్నిటిని మన్నించును. తీగ అడ్డమైనచో ప్రక్కకు నెట్టవచ్చును. ఫ్యాను చాలనిచో మరియొకటి చేర్చవచ్చును. చిన్నపెట్టెలో ఆ దయ లేదు. అందు ప్రతి మిల్లీమీటరునకు ఒక యజమాని గలడు. ఒక భాగము కదిలినచో తక్కినవన్నియు కదలవలెను.

మన విద్యార్థులు చేసిన పనినే తీసికొందము. గ్రంథాలయములోని పుస్తకముల పట్టికను చూపుటకొక కంప్యూటరు కావలసియుండెను. దానికి వేరుగా గ్రాఫిక్సు కార్డు అక్కరలేదు. పలకను అడుగున పరచి, దాని ప్రక్కనే పవరు సప్లైని నిలువుగా నుంచుదమని వారు నిశ్చయించిరి. పలక 170, పవరు సప్లై మందము 63.5, రెండును గలిసి 233.5. కావున లోపలి వెడల్పు 240 మిల్లీమీటర్లు, లోతు 180, ఎత్తు 130 చాలునని లెక్కవేసిరి. అనగా 5.6 లీటర్లు. కంప్యూటరు తెరమీద గీచిన చిత్రములో అన్నియు చక్కగా అమరినవి. ఎచ్చటను ఒకటి మరియొకదానిని తాకలేదు.

అంతట మూడు మిల్లీమీటర్ల అట్టతో మొదటి పెట్టెను కోసి అతికించిరి. పలకకు బదులు అట్టముక్కను, పవరు సప్లైకి బదులు అట్టదిమ్మెను పెట్టి, పాత యంత్రమునుండి తీసిన నిజమైన తీగలను మాత్రము అందులో అమర్చిరి. మూత పడలేదు. ఏలయన పవరు సప్లై ముందు మిగిలిన 80 మిల్లీమీటర్ల జాగాను వారు డిస్కునకును స్విచ్చికిని కేటాయించిరి. 24 సూదుల ప్లగ్గునకు పోవు తీగలకట్ట బొటనవ్రేలంత లావుగా నుండి, వంగుటకు జాగా నడిగెను. చిత్రమున ఆ తీగ యొక సన్నని గీత. చేతికి వచ్చునప్పటికి అది బిరుసైన కట్ట. గీతకు మందము లేదు గనుక దానికి చోటు విడువవలెనను తలంపే వారికి కలుగలేదు. డిస్కును మూత లోపలివైపునకు మార్చి, లోతును 205 మిల్లీమీటర్లు చేసిరి. పెట్టె 6.4 లీటర్లయినది. 0.8 లీటరు పెరిగినందుకు బాలురు చింతించిరి. నేను సంతోషించితిని, ఒక నిజమునకు వారు చెల్లించిన వెల యది.

రెండవ పెట్టెలో అన్నియు పట్టెను, మూతయు పడెను. అప్పుడు నేను వారిని, మెమరీ పలకను తీసి మరల పెట్టుడని యడిగితిని. వ్రేళ్లు దూరవలసిన చోట పవరు సప్లై గోడవలె నిలిచియుండెను. బలవంతముగా చేయిపెట్టగా అట్ట చీలెను. యంత్రమును బిగించుట ఒకనాటి పని. దానిని బాగుచేయుట ఎన్నటికైనను తప్పని పని. బాగుచేయు చేతికి త్రోవ యుంచని పెట్టె ఎంత చిన్నదైనను మంచి పెట్టె కాదు. పిదప వారు పవరు సప్లైని ప్రక్క గోడకే బిగించి, నాలుగు స్క్రూలు తీసినంతనే ఆ గోడ దానితోగూడ బయటికి వచ్చునట్లు మార్చిరి.

మూడవ పెట్టె గాలిని గురించినది. ఇక్కడ కొంత లెక్క అవసరము. ఒక ఘనమీటరు గాలిని ఒక డిగ్రీ వేడిచేయుటకు సుమారు 1200 జౌళ్ల శక్తి పట్టును. యంత్రము 100 వాట్ల శక్తిని వాడుచున్నదనుకొందము. అది యంతయు తుదకు వేడిగనే మారును. లోపలికి వచ్చిన గాలి 10 డిగ్రీలకు మించి వేడెక్కకుండ బయటికి పోవలెనన్నచో సెకనునకు సుమారు 8 లీటర్ల గాలి ప్రవహింపవలెను. పెట్టె మొత్తము 6.4 లీటర్లే గదా! అనగా అందలి గాలి సెకనునకు ఒకమారుకంటె నెక్కువగా మారవలెను. గ్రాఫిక్సు కార్డు చేర్చి 300 వాట్లు చేసినచో 25 లీటర్ల గాలి కావలెను. శీతదేశమున 20 డిగ్రీల గదిలో లోపలి గాలి 30 డిగ్రీలగును. మన వేసవిలో గది 38 డిగ్రీలున్నచో అదే పెట్టెలో 48 డిగ్రీలగును. కావున పరదేశపు పెట్టె నమూనాను చూచి అట్లే చిల్లులు వేసికొనుట మనకు తగదు.

విద్యుద్భాగము లేవియు లోపల నుంచక, ఒక్క ఫ్యానును మాత్రము 12 వోల్టుల అడాప్టరుతో త్రిప్పి, పెట్టెకు వెలుపల కొంత దూరమున ఊదువత్తిని పట్టి పొగ పోకడను చూచితిమి. మూతలోని చిల్లులగుండ లోనికి పోయిన పొగ, ఫ్యాను క్రిందికి తోయగనే ప్రక్కకు మరలి, ఆ ఫ్యాను నోటిలోనికే తిరిగి పోవుచుండెను. తాను విడిచిన గాలినే తాను పీల్చువాని స్థితి యది. ఫ్యాను అంచునకును మూతకును నడుమ అట్టతో చిన్న గొట్టమును కట్టగా బయటి చల్లనిగాలియే లోనికి వచ్చెను. వెచ్చనిగాలి వెనుక చిల్లులగుండ పోయెను. ఆ గొట్టమునకైన వ్యయము ఒక పాత అట్టముక్క.

ఇన్ని మార్పులైన పిదప ఊరిలో రేకుల పని చేయు మేస్త్రికడకు పోతిమి. ఆయన కాగితమును చూచి, వంపునకు మిక్కిలి దగ్గరగా నున్న రెండు చిల్లులను వ్రేలితో చూపి, రేకు వంచునప్పుడివి సాగి వంకరపోవునని చెప్పెను. చిల్లులను లోనికి జరిపితిమి. మూడు మిల్లీమీటర్ల అట్టకును, ఒక మిల్లీమీటరు రేకునకును గల తేడాచేత వెలుపలి కొలతలు మారునని, లోపలి కొలతలను పట్టుకొనియే పని నడుపవలెనని యాయన చెప్పిన మాటయు మాకు పాఠమే. కాగితముమీద లెక్క మాది. రేకు గుణము నెరిగినవాడాయన. చేతిపనివారిని చదువు రానివారని చిన్నచూపు చూచు బాలురకు ఆ యరగంట మేలు చేసెనని నమ్ముచున్నాను.

ఈ తప్పులు బాలురకే గాని పెద్దలకు రావందురేమో! 2013లో ఆపిల్ సంస్థవారు మాక్ ప్రో అను యంత్రమును నున్నని నల్లని స్తంభము వలె తయారుచేసిరి. నడుమ త్రికోణపు లోహపుదిమ్మె, పైన ఒకే ఫ్యాను, చూచుటకు మనోహరము. కాని మూడు ముఖములకు సమముగా వేడి పంచుకొను ఆ యేర్పాటులో, తరువాతి కాలమున వచ్చిన అధికశక్తి గల ఒక్క పెద్ద గ్రాఫిక్సు కార్డునకు తావులేకపోయెను. వేడి విషయమున తమ్ము తామే మూలకు నెట్టుకొంటిమని ఆ సంస్థ పెద్దలే 2017లో ఒప్పుకొనిరి. 2019లో వారు మరల నిలువుపెట్టెనే వెలువరించిరి. ఇంకొక యుదాహరణము: ఎన్‌కేస్ ఎం1 అను ప్రసిద్ధమైన చిన్నపెట్టె 328, 240, 160 మిల్లీమీటర్ల కొలతలతో సుమారు 12.6 లీటర్లది. దానిని సంకల్పించినవారు గొప్ప కర్మాగారము గలవారు కారు, ఉత్సాహవంతులు మాత్రమే. వారు నలుగురి విమర్శలను విని, ముందుగా నమూనాలు చేయించి చూచి, పిదపనే 2013లో ప్రజలనుండి చందాలు గైకొని తయారీకి పూనుకొనిరి. పెద్ద ధనము గలవారు తప్పునకు ఆరేండ్లు చెల్లింపగలరు. మనబోటివారికి అట్టయే శరణ్యము.

ఇక ఆక్షేపణలకు వత్తును. తెరమీద మూడు దిక్కులను చూపు చిత్రసాధనము లుండగా అట్టయేలయని కొందరందురు. ఆ సాధనములను నేను నిందింపను. మన బాలురును వానినే వాడిరి. అవి గీచినవస్తువులు తాకుకొనుటను తెలుపును. గీయ మరచినవానిని తెలుపజాలవు. తీగయొక్క బిరుసు, వ్రేళ్ల లావు, స్క్రూడ్రైవరు పిడి, పొగ పోకడ: వీనిని ఎవరును చిత్రమున గీయలేదు. త్రీడీ ప్రింటరు గల పాఠశాలలు నేడు మన దేశమున పెక్కు గలవు, అదియు మంచిదే. కాని గంటలకొలది ముద్రించిన వస్తువును మార్చుటకు మనసొప్పదు. అట్టను కత్తిరించుటకు ఎవరును సంకోచింపరు.

అంగడిలో ఇంతకంటె చౌకగా చిన్న కంప్యూటర్లు దొరకునని మరికొందరందురు. నిజమే, ధనమునకై ఈ పని చేయరాదు. మార్కులు రాని పనికి కాలము వ్యర్థమగునని తల్లిదండ్రులలో కొందరు బాధపడిరి. వారి భయమును నేను తేలికగా చూడను. అయినను ఘనపరిమాణమును పుస్తకమున చేసిన బాలుడు మరచిపోవచ్చును, 0.8 లీటరునకై మూడు దినములు వగచిన బాలుడు మరువడు.

అట్టకును హద్దులు గలవు. అట్టపెట్టెలో యంత్రమును ఎన్నడును నడుపరాదు, అగ్నిభయము గలదు. పవరు సప్లైని విప్పరాదు; తీగ తీసిన పిదపను అందు విద్యుత్తు నిలిచియుండును. రేకుపెట్టె సిద్ధమైన తరువాత అది భూమితీగతో సరిగా కలిసినదో లేదో ఉపాధ్యాయుడు పరీక్షింపక స్విచ్చి వేయరాదు.

కావున పాఠశాలాధికారులకు నా విన్నపము రెండు మాటలలో చెప్పెదను. ఒకటి: విజ్ఞానశాస్త్రపు గదిలో ఒక అలమారను ఈ పనికై విడువుడు; అందు అట్ట, ఉక్కు స్కేలు, వెర్నియరు కాలిపరు, జిగురు ఉన్న చాలును. రెండవది: రాబోవు ప్రదర్శనమున తుదివస్తువు ప్రక్కనే చెడిన నమూనాలనుకూడ వరుసగా నుంచి, ఏది యెందుకు చెడెనో బాలుని చేతనే వ్రాయించి, ఆ వ్రాతకును మార్కులిండు.

విద్యార్థులారా, మీరు చేసినది చెడినప్పుడు దానిని దాచకుడు. మెరయు పెట్టెను చూచినవాడు మిమ్ము మెచ్చుకొని పోవును. చెడిన పెట్టెను, దాని కారణమును చూచినవాడు తానొకటి చేయ నారంభించును. ఆ మూడు అట్టపెట్టెలు ఇప్పుడు నా గదిలో భద్రముగా నున్నవి. ఈ యేడు వాని స్థానము బల్లపైననే.