ఉట్టిగనే...

ఆడవాళ్ల చాకిరీ గురించి మనం రాశాం. హింస గురించి, శరీరం గురించి, ఆస్తిహక్కు గురించి రాశాం. ఇంకా రాయాలి కూడా. కానీ ఆడవాళ్ల తీరిక గురించి ఎందుకింత తక్కువ రాశాం? పనీపాటా లేకుండా, ఎవరికీ లెక్క చెప్పకుండా ఒక పూట ఉట్టిగనే కూర్చోవడం మా హక్కు అనడానికి మనక్కూడా నోరెందుకు రావడం లేదు? కాస్త తీరిక దొరికితే వెంటనే దానికో సాకు వెతుకుతాం. ఒత్తిడి తగ్గుతుందంటాం, మళ్లీ ఉత్సాహంగా పని చేసుకోవచ్చంటాం. అంటే విశ్రాంతి కూడా రేపటి చాకిరీకి పెట్టుబడేనన్నమాట!

మగవాళ్లకు ఈ ఇబ్బంది లేదు. హెమింగ్‌వే 1926లో ప్రచురించిన 'ది సన్ ఆల్సో రైజెస్' మనలో చాలామంది చదివే ఉంటారు, కొందరం పాఠంగా చెప్పి కూడా ఉంటాం. అందులో జేక్, బిల్ అనే ఇద్దరు స్నేహితులు స్పెయిన్ కొండల్లో ఇరాటి నదికి ట్రౌట్ చేపల వేటకు వెళ్తారు. ఒకతను వానపాములు ఎరగా వేస్తాడు, ఇంకొకతను ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఈగలు వేస్తాడు. వైను సీసాలు ఊటనీళ్లలో చల్లబెట్టుకుంటారు. తింటారు, తాగుతారు, చెట్టుకింద కునుకు తీస్తారు. ఎందుకొచ్చారని వాళ్లనెవరూ అడగరు. పాఠకులం మనమూ అడగం. ఇంగ్లీషులో గాలం వేట మీద 1496లో అచ్చయిన తొలి పుస్తకాన్ని జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని రాసిందని చాలాకాలం చెప్పుకున్నారు. ఆమే రాసిందనడానికి ఆధారాల్లేవని తర్వాత పండితులు తేల్చారు. కావచ్చు. నది ఒడ్డున గాలం పట్టుకున్న ఆడమనిషి మాత్రం అప్పట్నుంచీ ఒక పుకారుగానే మిగిలిపోయింది.

ట్రౌట్ చల్లని నీళ్ల చేప. మా ఆర్మూరు ఎండలకు బతకదు. మాకున్నవి కొర్రమట్టలు, రవ్వలు, బొచ్చెలు, జెల్లలు. పోయిన చలికాలం ఒక శని, ఆదివారాలు నేనూ నా స్నేహితురాలూ ఆర్మూరు దగ్గర్లోని ఒక ఊరి చెరువుకు గాలాలు పట్టుకుని వెళ్లాం. మత్స్యకారుల సంఘం పెద్దను అడిగి, ఆయన సరేనన్నాకే వెళ్లాం. రెండు వెదురు కర్రలు, బెండ్లు, డబ్బాలో ఎర్రలు. రెండు రోజుల్లో మాకు పడ్డవి నాలుగు చిన్న చేపలు. పడ్డ ప్రశ్నలు మాత్రం లెక్కలేనన్ని. 'మీ ఎంబడి మొగోళ్లు ఎవరూ రాలేదా?' 'సర్వే కోసం వచ్చిన్రా మేడం?' 'ఏమన్న మొక్కు ఉన్నదా?' ఒక పెద్దాయనైతే నిజంగానే కంగారుపడ్డాడు. 'ఏమన్న బాధ ఉంటె చెప్పు బిడ్డా' అన్నాడు. ఇద్దరాడవాళ్లు నీళ్లకేసి చూస్తూ కూర్చుంటే ఆయనకు చావే గుర్తొచ్చింది! 'ఉట్టిగనే వచ్చినం తాతా' అంటే నమ్మలేదు. అవతలి గట్టున నలుగురు మగపిల్లలు పొద్దుట్నుంచీ గాలాలేసుకుని కూర్చున్నారు. వాళ్లనెవరూ ఏమీ అడగలేదు.

బిందెతో వస్తే చెరువు మనదే. బట్టల మూటతో వస్తే మనదే. బతుకమ్మనెత్తుకుని వస్తే ఊరంతా దారిస్తుంది. మన సరదా కోసం వస్తేనే సంజాయిషీ.

నా స్నేహితురాలు గంగపుత్రుల బిడ్డ. ఆమె తల్లి నలభై ఏళ్లు గంప నెత్తిన పెట్టుకుని ఆర్మూరు వాడల్లో చేపలమ్మింది. వల, తెప్ప, గాలం మాత్రం ఇంట్లో మగవాళ్లవి. ఆదివారం సాయంత్రం బెండు మునిగి, చేప ఎగిరి గట్టున పడ్డప్పుడు నా స్నేహితురాలు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'మా అమ్మ బతుకంత చేపల్తోనే గడిచింది. చేప నీళ్లల్లకెళ్లి ఎగిరి వచ్చుడు మాత్రం ఒక్కసారి చూడలే' అంది.

'మత్స్యకారుడు' అన్న మాటలోనే ఉంది సంగతంతా. పట్టేవాడు మత్స్యకారుడు. గంప మోసి, బేరమాడి, పొలుసు గీకి, పైసలు ఇంటికి తెచ్చే మనిషి అతని భార్య. మహిళా మత్స్య సహకార సంఘాలు లేకపోలేదు. కానీ ఊరి చెరువు మీద హక్కున్న సంఘంలో పేర్లన్నీ మగవాళ్లవే అయినచోట, ఆమె ఆ చెరువుకు చుట్టమే కానీ హక్కుదారు కాదు.

'ఇది జీతాలొచ్చే ఆడవాళ్ల ముచ్చట, కూలికి పోయేవాళ్లకు తీరికెక్కడిది?' అని కొందరు స్నేహితులంటారు. సరిగ్గా నేను అడుగుతున్నదీ అదే. ఎక్కడిది? ఎవరు తీసుకున్నారు? పసుపు తవ్వే రోజుల్లో మా ఆడవాళ్లు పొద్దంతా చేలో కొమ్ములు వేరు చేసి, ఇంటికొచ్చి ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన. అందుకే మాట్లాడుతున్నా, టీవీ చూస్తున్నా వేళ్లు ఆగవు. 2025లో నిజామాబాదుకు జాతీయ పసుపు బోర్డు వచ్చింది. మంచిదే. పసుపు ధర కోసం ఇన్నేళ్లు జరిగిన పోరాటంలో ఆ వేళ్ల విశ్రాంతి గురించి ఎన్నిసార్లు మాట్లాడుకున్నాం?

కేంద్ర ప్రభుత్వ సమయ వినియోగ సర్వే చూడండి. ఇంటి చాకిరీలో పాల్గొన్నవాళ్లు 2019లో రోజుకు సగటున ఎంత సమయం దానికి పెట్టారు? ఆడవాళ్లు 299 నిమిషాలు, మగవాళ్లు 97. 2024లో ఆడవాళ్లు 289, మగవాళ్లు 88. ఐదేళ్లలో మనకు మిగిలింది పది నిమిషాలు. మగవాళ్లు కూడా ఉన్న కాస్త పనిలోంచీ తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నారు! భూమిలాగే తీరికకూ పంపకం ఉంది. అందులో కులం ఉంది, వర్గం ఉంది, ఆడా మగా తేడా ఉంది. దాన్ని విలాసమని తోసేస్తే నష్టపోయేది, ఏ పూటా తీరిక లేని ఆడవాళ్లే.

శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే కలిసి రాసిన 'వై లాయిటర్?' 2011లో ముంబై వీధుల్లో ఊరికే తిరిగే హక్కు అడిగింది. ఆ ప్రశ్న మన చెరువు గట్టు దాకా రావాలి. చెరువు సంఘాల్లో ఆడవాళ్ల పేర్లెక్కాలి. బీడీ కూలి పెంచమని అడిగే నోటితోనే సెలవు రోజునూ అడగాలి. ఇక రాసేవాళ్లుగా మన వంతు ఒకటుంది. మన కథల్లో ఆడమనిషి నీళ్ల దగ్గరికి వెళ్తే ఏడవడానికో, దూకడానికో, బట్టలుతకడానికో వెళ్తుంది. ఈసారి ఆమె చేతికి గాలమిద్దాం. ఎందుకు కూర్చుందో చెప్పించకుండా, సాయంత్రం దాకా అక్కడే కూర్చోనిద్దాం.