మాట తడబడినా...

పక్షవాతం నుండి లేచిన మనిషిని ఇంటివారు ప్రేమగా కూర్చోబెడతారు. పని మాత్రం చెప్పరు. నాలుగు నెలలు నేనూ అలాగే కూర్చున్నాను. కుడిచేతికి పట్టు లేదు. నమాజులో సూరాలు పెదవుల దాకా వచ్చి ఆగిపోయేవి.

ఒకనాడు మా వీధిలో మరొకరికి అదే జబ్బు చేసింది. నా మాటే సరిగా రాదు, ఆయనను ఎలా ఓదార్చగలనని సంకోచిస్తూనే ఇయాదత్‌కు వెళ్ళాను. అక్కడ అందరూ ఆయన బదులు తామే మాట్లాడుతున్నారు. అటువంటి రోగికి బుద్ధి చెడదని, మాట వెదుక్కోవడానికి వ్యవధి కావాలని నాకు తెలుసు. మౌనంగా వేచి ఉన్నాను. చాలాసేపటికి ఆయన తన కూతురి పేరు పలికారు.

ఇప్పుడు ప్రతి జుమా రోజు అస్ర్ నమాజు తరువాత అటువంటి ఇళ్ళకు వెళుతున్నాను. వ్యాయామం, రక్తపోటు మాత్రలు మానవద్దని రోగులకు చెబుతాను. ఇంటివారికి చెప్పేది ఇది: అకస్మాత్తుగా మూతి వంకరపోయినా, చేయి వాలిపోయినా, మాట తడబడినా, గాలి సోకిందనుకుని నాటు మందులతో కాలయాపన చేయకండి. వెంటనే 108కు ఫోను చేయండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణంగా మొదటి 4.5 గంటలలోపే ఇవ్వాలి.

రోగిని పరామర్శించడం అతని హక్కు. మీ మహల్లాలో కోలుకున్నవారుంటే, వారిని కూడా ఆ హక్కు నెరవేర్చనివ్వండి; చేయి పట్టుకుని మరో రోగి ఇంటికి తీసుకువెళ్ళండి.