నంబరు దొరక్కపోతే కొంపేం మునగదు

పాత స్టీరియోల పిచ్చి ఉన్నవాళ్ళతో నాకో పేచీ ఉంది. (నాకూ ఆ పిచ్చి ఉంది కాబట్టి ఇది ఇంటి తగువే అనుకోండి.)

ఇక్కడ అమెరికాలో గరాజ్ సేళ్ళలో, సెకండ్ హ్యాండ్ దుకాణాల్లో 1970ల నాటి పయొనీర్, శాన్సుయి రిసీవర్లు ఇప్పటికీ కనిపిస్తుంటాయి. ముచ్చటపడి తెచ్చుకుంటాం. ఒక చానల్ పలకదు. విప్పి చూస్తే ఓ ట్రాన్సిస్టర్ పోయి ఉంటుంది, దాని తయారీ ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. ఇక అదే నంబరు, అదే కంపెనీది కావాలని ఆన్‌లైన్ వేలాల్లో గాలింపు మొదలు. దొరక్కపోతే "ఇంక ఇది బాగవదు" అని అటకెక్కించేస్తారు.

పార్టు తయారీ ఆగిపోయినా అది చేసే పని ఎక్కడికీ పోలేదు కదా! ఆ పని చేయగల ఇంకో పార్టుని వెతకాలి. పైగా నలభై, యాభై ఏళ్ళ నాటి నంబరు వేసి "సరికొత్త ఒరిజినల్" అని అమ్మేదాన్ని కొనడమే చాలాసార్లు ఎక్కువ ప్రమాదం.

ఎందుకంటారా? పవర్ ట్రాన్సిస్టర్లలోనూ, సాన్యో వాళ్ళ ఎస్‌టికె ఐసీల్లోనూ నకిలీలు కోకొల్లలు. ఏదో చవక ట్రాన్సిస్టర్ మీద పాత అక్షరాలు గీకేసి, గిరాకీ ఉన్న నంబరు కొడతారు. పగలగొట్టి చూస్తే తప్ప లోపలి సిలికాన్ ముక్క ఎంత చిన్నదో తెలీదు. తక్కువ వాల్యూమ్‌లో శుభ్రంగా పాడుతుంది. గట్టిగా పెట్టిన రోజున తను పోవడమే కాక స్పీకర్ని కూడా వెంట తీసుకుపోగలదు.

సరే, పార్టు చేసే పనేంటో తెలిసేదెలా? కొంత నంబరే చెబుతుంది. జపాన్ పద్ధతిలో 2ఎస్‌ఎ, 2ఎస్‌బి అంటే పిఎన్‌పి. 2ఎస్‌సి, 2ఎస్‌డి అంటే ఎన్‌పిఎన్. 2ఎస్‌జె, 2ఎస్‌కె అయితే ఎఫ్ఈటీలు. ఒంటి మీద మాత్రం ముందున్న "2ఎస్" తరచుగా వెయ్యరు. సి1815 అని కనిపిస్తే అది 2ఎస్‌సి1815 అన్నమాట. మిగతాది డేటాషీటూ, సర్వీస్ మాన్యువలూ చెబుతాయి. వోల్టేజీ, కరెంటూ, వాట్లూ తట్టుకోవడంలో కొత్తది పాతదానికి తీసిపోకూడదు. గెయిన్ దగ్గర దగ్గరగా ఉండాలి. వేగం తగ్గకూడదు. అలాగని మరీ వేగమైనది పెడితే కొన్ని సర్క్యూట్లు మన చెవికి అందని ఫ్రీక్వెన్సీలో ఆసిలేట్ అయి వేడెక్కిపోతాయి.

అన్నీ కలిసినా కాళ్ళ వరస చూడాల్సిందే. చదును ముఖం మనవైపు పెట్టుకుని ఎడమ నుంచి చూస్తే సి1815కి ఎమిటర్, కలెక్టర్, బేస్. 2ఎన్3904కి ఎమిటర్, బేస్, కలెక్టర్. బిసి547కి కలెక్టర్, బేస్, ఎమిటర్. మూడూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి! మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకిది అలవాటైన గొడవే. లైబ్రరీ మార్చినప్పుడు ఫంక్షన్ పేరు కలిస్తే చాలదు, ఆర్గ్యుమెంట్ల వరసా కలవాలి. కాకపోతే అక్కడ ఎర్రర్ మెసేజ్ వస్తుంది, ఇక్కడ పొగ వస్తుంది.

అలాగని అంకెలు కలిస్తే చాలనీ అనను. కొన్ని యాంప్లిఫయర్లలో హిటాచీ వాళ్ళ 2ఎస్‌కె134, 2ఎస్‌జె49 అనే లేటరల్ మాస్‌ఫెట్లు ఉంటాయి. కాగితం మీద వాటిని మించిన స్విచింగ్ మాస్‌ఫెట్లు చవగ్గా దొరుకుతాయి. కానీ లేటరల్ రకం బాగా వేడెక్కేకొద్దీ తనంతట తానే కరెంటు తగ్గించుకుంటుంది. స్విచింగ్ రకం యాంప్లిఫయర్ బయస్ కరెంట్ల దగ్గర వేడెక్కేకొద్దీ ఇంకా ఎక్కువ లాగుతుంది. దాన్ని ఆపే ఏర్పాటు ఆ సర్క్యూట్‌లో ఉండదు. పైగా ఆ లేటరల్ వాటికి లోహపు ఒళ్ళు సోర్సు, మామూలువాటికి డ్రెయిన్. అక్కడ లేటరల్ రకమే వెతుక్కోవాలి.

"ఒరిజినల్ లేకపోతే ఆ సౌండ్ రాదండీ" అనేవాళ్ళకో ప్రశ్న. 2ఎస్‌ఎ726 లాంటి ట్రాన్సిస్టర్లు వయసు మీదపడితే బుసబుసలాడతాయని రిపేరు చేసేవాళ్ళందరికీ తెలుసు. దాని బదులు ఎక్కువమంది వాడేది కెఎస్‌ఎ992. కాళ్ళ వరస అదే, రొద తక్కువ, తట్టుకునే వోల్టేజీ ఎక్కువ. ఆ రిసీవర్ కొత్తలో ఎలా పలికిందో అలా వినాలంటే, ముసలి 2ఎస్‌ఎ726ని ఎక్కడో వెతికి మళ్ళీ పెట్టడం మేలా, ఇది మేలా?

మన దగ్గర ఈ వాదనే లేదు. కోఠీ గుజరాతీ గల్లీలో అడిగిన నంబరు లేకపోతే కొట్టువాడు "ఈక్వలెంట్ ఇవ్వనా?" అంటాడు. మనం దాన్ని సర్దుబాటు పని అని చిన్నచూపు చూస్తాం. మంచి మెకానిక్ చేతిలో అది సర్క్యూట్ చదవడం. ఆ విద్య తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారు. నాకు బాధ అందుకు, పార్టులు దొరకనందుకు కాదు.

పార్టు మార్చాక నేరుగా ప్లగ్గులో పెట్టకండి. మన ఎలక్ట్రీషియన్ల సీరీస్ బల్బు పద్ధతే వాడండి. ఫిలమెంట్ బల్బే కావాలి, ఎల్ఈడీ పనికిరాదు. ఒక్కసారి వెలిగి మసకబారితే మంచి లక్షణం. భగభగా వెలుగుతూనే ఉంటే లోపలెక్కడో షార్టు ఉంది. అంతా బావుంటే మాన్యువల్ ప్రకారం బయస్ సరిచెయ్యండి. కొత్తవాళ్ళకి ఇంకో మాట: ప్లగ్గు పీకినా పెద్ద కెపాసిటర్లలో కరెంటు మిగిలి ఉంటుంది, వేళ్ళు జాగ్రత్త.

చివరగా, పెట్టె మూసేముందు ఎక్కడ ఏది తీసి ఏది వేశారో తేదీతో సహా ఓ చీటీ మీద రాసి లోపల అంటించండి. మీ తర్వాత విప్పేవాడు ఎవరో గానీ, మీకు దణ్ణం పెట్టుకుంటాడు.