అప్‌డేట్ ఎవరి డబ్బుతో?

“మీ బ్రౌజర్ పాతది. అప్‌డేట్ చేసుకోండి.”

వెబ్‌సైట్లు కట్టేవాళ్లు మర్యాద ముసుగేసి చెప్పే మాటల్లో ఇంతకంటే పొగరుబోతు మాట లేదు. మా వీధిలో ఒక పిల్ల వాళ్ల నాన్న పాత ఫోన్లో డిగ్రీ అడ్మిషన్‌కి అప్లికేషన్ పెట్టబోయింది. తెల్లటి ఖాళీ పేజీ వచ్చింది. నెట్ సెంటర్‌కి పరుగెత్తి యాభై రూపాయలు పోసింది. అది ఫీజు కాదు, జుర్మానా. వేసినవాడు ఆ పేజీ కట్టినవాడు.

కోపం వస్తోందా? రానీండి. ఇంకా ఉంది.

అప్‌డేట్ అంటే వేలితో నొక్కితే అయిపోయే పని అనుకునేవాడి జేబులో కొత్త ఫోను ఉంటుంది. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7కి 2023 చివర్లో, 119వ వెర్షన్‌తో, క్రోమ్ అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 7 ఉన్న కంప్యూటర్ క్రోమ్ 109 దగ్గరే నిలిచిపోయింది. 2017లో పదిహేను వందల డిపాజిట్‌తో అమ్మిన జియోఫోన్‌లో తిరిగేది 2016 నాటి ఫైర్‌ఫాక్స్ 48 ఇంజిన్. ఇవి వాడేవాళ్లకి నొక్కడానికి బటనే లేదు. వీళ్లని అప్‌డేట్ చేసుకోమనడం కొత్త ఫోను కొనుక్కోమనడమే. ఎవరి డబ్బుతో?

మన డెవలపర్ల రెండు నాలుకలు చూడండి. ఒకప్పుడు ఆఫీసు సైట్లన్నీ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే తెరవాలని గుమ్మానికి బోర్డు కట్టుకున్నాయి. 2001లో వచ్చిన ఆరో వెర్షన్‌లో ఒక డబ్బాకి గుండ్రటి మూలలు తేవడానికి బొమ్మలు ముక్కలు కోసి అతికిస్తూ కుర్రాళ్లు రాత్రులు తెల్లార్చారు. లినక్స్ వాడేవాణ్ణి వాకిట్లో నిలబెట్టారు. అప్పుడు వెబ్ అందరిదీ అని గొంతు చించుకున్నవాళ్లే ఇప్పుడు సీనియర్లు. 2022 జూన్ 15న ఎక్స్‌ప్లోరర్ 11కి మైక్రోసాఫ్ట్ నీళ్లొదిలితే పండగ చేసుకున్నారు. ఆ పండగలో నేనూ ఉన్నాను. కానీ పాత బోర్డు పీకేసిన మేకుకే ‘లేటెస్ట్ క్రోమ్ మాత్రమే’ అని కొత్త బోర్డు తగిలించిందెవరు? మీరే.

“పాత బ్రౌజర్లకి కూడా అచ్చం ఇలాగే కనబడేట్టు చెయ్యాలంటే చస్తాం” అంటారు. అలాగే కనబడాలని ఎవడడిగాడు? నీడలు, కదలికలు, గుండ్రటి మూలలు అన్నీ తీసిపారేయండి. అక్షరం కనబడాలి, ఫారం వెళ్లాలి, రసీదు రావాలి. అంతే. హెచ్‌టీఎంఎల్ ఓర్పుగల భాష. తెలియని ట్యాగ్ వస్తే లోపలి మాటని చూపించి ముందుకు పోతుంది. సీఎస్ఎస్ తెలియని నియమాన్ని వదిలేస్తుంది. జావాస్క్రిప్ట్‌కి ఆ ఓర్పు లేదు. 2020లో క్రోమ్ 80తో వచ్చిన ప్రశ్నార్థకం-చుక్క జంట (?.) ఒక్కచోట కనబడితే చాలు, పాత బ్రౌజర్ ఆ ఫైలు మొత్తాన్నీ తోసిపుచ్చుతుంది. ఓర్పున్న రెండింటినీ పక్కనబెట్టి, పేరు రాసే గడి దగ్గర్నుంచి సబ్మిట్ బటన్ దాకా ఓర్పులేనిదాని నెత్తిన పెట్టింది మీరు. బ్రౌజర్ కాదు.

“పాతవాళ్లు రెండు శాతమే కదా” అంటారు. ఆ లెక్క చెప్పే అనలిటిక్స్ కూడా సాధారణంగా జావాస్క్రిప్టే! పేజీ తెరుచుకోనివాడు మీ లెక్కలోకే రాడు. గుడి బయట ఆపినవాణ్ణి లెక్కపెట్టకుండా భక్తులందరూ లోపలే ఉన్నారని చెప్పే ధర్మకర్తల లెక్క మీది. బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం 2013లో లెక్కపెట్టి చూసింది. నూటికి 1.1 మందికి జావాస్క్రిప్ట్ అందలేదు. దాన్ని కావాలని ఆపుకున్నవాళ్లు, అసలు అది రాని బ్రౌజర్లు వాడేవాళ్లు కలిపి 0.2 మందే. మిగతావాళ్లు ఏ తప్పూ చెయ్యలేదు.

భద్రత మాట ఒప్పుకుంటాను. తాళమే విరిగిపోయిన చోట, టీఎల్‌ఎస్ 1.0, 1.1 లాంటి పాత ఎన్‌క్రిప్షన్ గొళ్లేల్ని తీసెయ్యాల్సిందే. కానీ జిల్లా పేరు ఎంచుకునే జాబితా తెరుచుకోకపోవడం భద్రత కాదు. బద్ధకం.

నగల కొట్టు సైటు మీ ఇష్టం; నచ్చనివాడు పక్క కొట్టుకి పోతాడు. హాల్‌టికెట్‌కి, పింఛనుకి, రేషన్‌కి పక్క కొట్టు లేదు. 2021లో 18 నుంచి 44 ఏళ్లవాళ్లు కోవిన్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటేనే కోవిడ్ టీకా అన్నప్పుడు, ఫోనూ నెట్టూ లేనివాడి గతేమిటని సుప్రీంకోర్టే అడగాల్సి వచ్చింది. పాత బ్రౌజర్‌కి ఎంత సపోర్టు ఇవ్వాలన్నదానికి కొలత ఇదే. జనానికి ఇంకో దారి లేని చోట, వాళ్లని ఏరుకునే హక్కు మీకు లేదు.

ఈ రాత్రి మీ ఇంట్లో మూలన పడున్న పాత ఫోను తియ్యండి. మీరు కట్టిన సైటు అందులో తెరవండి. మీ అమ్మ పేరుతో ఒక ఫారం నింపి పంపండి. అది వెళ్లకపోతే, పాతబడింది ఫోను కాదు. మీ పని.