వ్యసనికి చెఱసాల చికిత్సాలయమగునా?

నిద్రమాత్రలకు బానిసయైన యువకుని పోలీసులు పట్టుకొనిపోయినపుడు, "కొన్నాళ్లు లోపలనున్నచో బుద్ధి వచ్చును" అని తలిదండ్రులను ఓదార్చు పెద్దలు ప్రతి పట్టణమునను గలరు. ఈ మాట లోకానుభవమువలె వినిపించును. కాని యిది వైద్యశాస్త్రమునకును, మన శాసనమునకును గూడ విరుద్ధము.

ఆల్ప్రజోలాము, డయజిపాము వంటి మందులను నెలలతరబడి మ్రింగినవాని శరీరము వానిపైననే ఆధారపడి నడచును. వానిని ఒక్కసారిగా మాన్పించినచో వణుకు, భ్రాంతి, తుదకు ప్రాణాంతకమగు మూర్ఛలు సంభవింపవచ్చును. అందుచేతనే వైద్యులు మోతాదును క్రమక్రమముగా తగ్గింతురు. 2015లో నిజామాబాదు ప్రాంతమున ఆల్ప్రజోలాము కలిపిన కల్తీకల్లు హఠాత్తుగా దొరకకపోగా, దాని కలవాటుపడిన పేదలు పలువురు దీనస్థితిలో ఆసుపత్రులకు చేరిరి. వైద్యుడే జాగరూకతతో చేయవలసిన పనిని లాకప్పుగది చేయగలదా? ట్రామడాలు వంటి నొప్పిమందుల సంగతి మఱియు ఘోరము. కొన్నాళ్లు మానినవాడు విడుదలయై పాత మోతాదే మ్రింగినచో శ్వాస నిలిచి మరణింపవచ్చును. బుద్ధి వచ్చుట యన నిదియేనా?

ఇక శాసనమేమి చెప్పుచున్నది? 1985 నాటి మాదకద్రవ్యముల చట్టములోని 39వ సెక్షను ప్రకారము, సేవించిన నేరమునకో, స్వల్పపరిమాణము కలిగియున్న నేరమునకో దోషిగా తేలిన వ్యసనిని న్యాయస్థానము వెంటనే ఖైదు చేయక, అతని సమ్మతితో, ప్రభుత్వము నడపు లేక గుర్తించిన ఆసుపత్రికి పంపవచ్చును. ఏడాదిలోపల చికిత్సాఫలితమును కోర్టునకు నివేదింపవలయును. 64ఏ సెక్షను ఇంకను ముందునకు పోయినది: అట్టి నేరము మోపబడినవాడు స్వచ్ఛందముగా చికిత్స కోరి పూర్తిచేసికొన్నచో విచారణయే యుండదు. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము మందుల దుర్వినియోగమువలన గలుగు మనోస్థితులను గూడ మానసికరోగముగానే పరిగణించినది. అట్టివాడు తన యెదుటికి వచ్చినచో మేజిస్ట్రేటు ప్రభుత్వ మానసిక వైద్యశాలకు పంపనూవచ్చును, పరీక్షార్థము పదిదినములకు మించకుండ నచట నుంచనూవచ్చును.

కోర్టు ఆజ్ఞతో చికిత్స చేయించుట స్వాతంత్ర్యభంగమని కొంద ఱందురు. వ్రాతపూర్వకమైన ఆజ్ఞ, గడువు, వైద్యుని నివేదిక గల చోట స్వాతంత్ర్యమునకు రక్షణ కలదు. అది నిజముగా భంగమగునది అనుమతిలేని గృహములలో, తలుపులు బిగించి గొలుసులు వేయుచోట. గొలుసులు వేయుటను 2017 చట్టము పూర్తిగా నిషేధించినది. న్యాయస్థానపు ద్వారము మూసియున్నదని భ్రమించిన కుటుంబములే అప్పు చేసియైనను బిడ్డల నట్టిచోట అప్పగించుచున్నవి.

2019లో భారత ప్రభుత్వము ప్రకటించిన సర్వే ప్రకారము వైద్యుని సలహా లేకయే నిద్రమందులు, మత్తుమందులు వాడువారు దేశమున సుమారు 1.18 కోట్లు. ఇందఱికి చెఱసాలలు చాలునా? చాలినను ప్రయోజనమేమి? ప్రతి జిల్లా ప్రభుత్వాసుపత్రియందును వీరికి పడకలు, శిక్షితులైన వైద్యులు ఉండవలయును. చీటి లేకయే మాత్రల నమ్ము దుకాణముల పుస్తకములను అధికారులు తనిఖీ చేయవలయును.

మా న్యాయవాదసోదరులకు ఒక్క విన్నపము. ఇట్టి కేసు చేతికి వచ్చినపుడు బెయిలు దరఖాస్తుతో తృప్తిపడకుడు. కక్షిదారుని సమ్మతి గైకొని, మొదటి వాయిదానాడే 64ఏ సెక్షను క్రింద చికిత్స కోరుడు. చట్టమున వ్రాసియున్న దయను అడిగి పుచ్చుకొనువాడు లేకున్న నది కాగితముమీదనే యుండిపోవును.