పోస్టు డబ్బా మీద పిల్ల పేరు

"తెలిసినవాళ్ల ఇంట్లో ఉంటే మనకి బెంగ ఉండదు కదా!"

ఈ మూడు నెలల్లో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మోండా మార్కెట్లో కూరలు ఏరుతుంటే ఒకరు, గుడిలో ప్రసాదం చేతిలో పెడుతూ ఒకరు, ఫోన్లో ముగ్గురు నలుగురు. అందరూ మా మంచి కోరేవాళ్లే. అందుకే ఇన్నాళ్లూ నవ్వి ఊరుకున్నాను. ఇక ఊరుకోదలచుకోలేదు. మీ ఇళ్లలోనూ ఇదే మాట నడుస్తూ ఉంటుందని నాకు తెలుసు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను.

సంగతి ఇదీ. మా అమ్మాయికి జర్మనీలో కెమ్నిట్స్ అనే ఊళ్లో ఎమ్మెస్ సీటు వచ్చింది. ప్రభుత్వ యూనివర్సిటీ కాబట్టి సెమిస్టర్‌కి కట్టే కొద్దిపాటి రుసుం తప్ప ఫీజు లేదు. అక్టోబరులో క్లాసులు. అక్కడ విద్యార్థుల హాస్టళ్లని యూనివర్సిటీ నడపదు. స్టూడెంటెన్‌వెర్క్ అని వేరే ప్రభుత్వ సంస్థ నడుపుతుంది. దేశమంతా అలాంటివి 57 ఉన్నాయి. సీటు వచ్చినంత మాత్రాన గది రాదు, విడిగా దరఖాస్తు పెట్టుకుని వరసలో నిలబడాలి. మా పిల్ల సీటు ఖాయం కాకముందే పెట్టుకుంది కాబట్టి దొరికింది. నాలుగు గదుల ఫ్లాటులో ఒక గది. ఎవరి గది వాళ్లది, ఎవరి తాళం వాళ్లది. వంటిల్లు, బాత్రూమ్ నలుగురికీ కలిపి. ఆ నలుగురిలో ఇద్దరు మగపిల్లలు.

అదిగో, ఆ చివరి వాక్యం దగ్గరే మా చుట్టాలందరికీ ఊపిరి ఆగింది. "మగపిల్లలున్న ఇంట్లో పెడతావా వదినా?" అంది మా చిన్నాడపడుచు. వాళ్ల అత్తవారి వైపు బంధువులు లైప్‌జిగ్‌లో ఉన్నారట. కెమ్నిట్స్‌కి రైల్లో గంట ప్రయాణం. వాళ్లకి ఇద్దరు చిన్నపిల్లలు. "మన పిల్ల ఉంటే వాళ్లకీ తోడు, మనకీ ధైర్యం. అద్దె కూడా అడగరు" అంది.

అద్దె అడగరు. నిజమే. అడగనిదేమిటో కూడా చూద్దాం.

అద్దె ఇవ్వని ఆడపిల్ల ఆ ఇంట్లో ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మనలో సగంమంది పెద్దమ్మ ఇంట్లోనో మేనత్త ఇంట్లోనో ఉండి చదువుకున్నవాళ్లమే. పొద్దున్నే లేచి ముగ్గు వేసి, గిన్నెలు తోమి, చిన్నవాళ్లకి జడలు వేసి అప్పుడు కాలేజీకి పరిగెత్తాం. ఎవరూ చెయ్యమని చెప్పలేదు. కానీ చెయ్యకుండా కూర్చుంటే ఒక చూపు ఉండేది. ఆ చూపే అద్దె. లైప్‌జిగ్‌లోనూ అదే చూపు ఉంటుంది. ఆ దేశంలో పనిమనిషిని పెట్టుకోవడం మామూలు సంసారాలకి అందేది కాదు. ఇద్దరు పిల్లల్ని చూసుకుంటూ ఉద్యోగాలు చేసే ఇంటికి, ఇరవై రెండేళ్ల పిల్ల ఊరికే చుట్టంగా వస్తుందా? వాళ్లు చెడ్డవాళ్లని అనడం లేదు. చాలా మంచివాళ్లే అయ్యుండొచ్చు. మంచివాళ్లకి కాదని చెప్పడం ఇంకా కష్టం.

పైగా రోజూ రెండు గంటలు రైల్లోనే పోతాయి. అక్కడ చదువుకునేవాళ్లకి ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పని చేసుకునే వీలుంది. రైలు, ఇంటిపని, చదువు పోగా పని చేసి నాలుగు డబ్బులు సంపాదించుకునే సమయం ఎక్కడ మిగులుతుంది? మిగలదు కాబట్టి మళ్లీ మననే అడగాలి. మనని అడిగినంతకాలం మన మాట వినాలి. ఈ లెక్క మన పెద్దవాళ్లకి తెలియక కాదు.

ఇక కాగితాల సంగతి. జర్మనీలో ఒక ఇంట్లో దిగాక రెండు వారాల్లో ఆ ఊరి ఆఫీసుకి వెళ్లి చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి, ఈ మనిషి మా ఇంట్లో ఉంటోందని ఇల్లిచ్చినవాళ్లు సంతకం చేసిన కాగితం కావాలి. ఆ నమోదు మీదే మిగతావన్నీ నడుస్తాయి: ఆ దేశంలో ఉండే పర్మిట్టు, పన్ను నంబరు. చుట్టాలే అద్దె ఇంట్లో ఉంటే, ఇంకో మనిషిని శాశ్వతంగా పెట్టుకోవడానికి వాళ్ల ఓనరు ఒప్పుకోవాలి. ఓనరు ఒప్పుకోకపోతే మన పిల్ల పరాయి దేశంలో చిరునామా లేని మనిషి. "తెలిసినవాళ్లు" అనే మాటకి ఆ ఆఫీసులో విలువ లేదు.

అదే హాస్టల్ గది అయితే అగ్రిమెంటు పిల్ల పేరు మీదే. అడ్వాన్సు తను కట్టిందని రాతపూర్వకంగా ఉంటుంది. ఖాళీ చెయ్యాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలో, ఏది పాడైతే ఎవరు బాగుచేయించాలో అందులోనే ఉంటుంది. ప్రమాదమేదైనా జరిగితే తప్ప, ముందు చెప్పకుండా ఓనరు కూడా ఆ గదిలోకి రాకూడదు. చుట్టాల ఇంట్లో ఏ తలుపు తట్టి వస్తారమ్మా?

నాకు అన్నిటికంటే ఒళ్లు మండించే విషయం వేరే ఉంది. రెండేళ్ల కిందట మా బావగారి అబ్బాయి అమెరికా వెళ్లాడు. రెండు బెడ్రూముల అపార్టుమెంటులో ఆరుగురు కుర్రాళ్లు. హాల్లో పరుపులు వేసుకుని పడుకునేవారు. అగ్రిమెంటు ఎవరి పేరు మీద ఉందో ఎవరూ అడగలేదు. పక్క పరుపు మీద పడుకునేవాడు ఎలాంటివాడని అడగలేదు. వాడు ఫోటో పంపిస్తే "మగపిల్లలు, సర్దుకుపోతారు" అని మురిసిపోయారు. ఆరుగురు ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య తాళం లేని చోట మగపిల్లవాడు పడుకుంటే అది సర్దుకుపోవడం. తాళం ఉన్న సొంత గదిలో ఆడపిల్ల పడుకుంటే అది తెగించడం! ఈ తేడా భద్రత గురించి అని నన్ను నమ్మమంటారా?

నిజంగా భద్రతే అయితే ఇంకో ప్రశ్న ఉంది. పదహారేళ్లకే ఇంటర్ కోసం పిల్లల్ని కాలేజీ హాస్టళ్లలో వేస్తాం. ఒక్కో గదిలో ఎనిమిదిమంది, పదిమంది. కిటికీలకి ఊచలు, చేతిలో ఫోన్ ఉండదు, ఆదివారం పూట అరగంట మాట్లాడనిస్తే గొప్ప. పిల్ల ఏడిస్తే "రెండేళ్లే కదా, ఓర్చుకో" అంటాం. అప్పుడు ఈ చుట్టాల్లో ఒక్కరికైనా బెంగ పుట్టిందా? పదహారేళ్ల పిల్లని పంజరంలో పెడితే ధైర్యంగా ఉన్నవాళ్లం, ఇరవై రెండేళ్ల పిల్లకి తాళంచెవి ఇస్తే భయపడుతున్నాం. మన భయమంతా ఆ తాళంచెవి గురించే.

ఇది ఇప్పటి ఆడపిల్లల పోకడ అనేవాళ్లకి మన ఊరి కథే చెప్తాను. 1895లో హైదరాబాద్ నుంచి పదహారేళ్ల అమ్మాయి ఓడెక్కి ఇంగ్లండ్ వెళ్లింది. నిజాం నవాబు స్కాలర్‌షిప్ ఇచ్చి పంపించాడు. ముందు లండన్ కింగ్స్ కాలేజీ, తరవాత కేంబ్రిడ్జిలో గిర్టన్ కాలేజీ. ఆ అమ్మాయి సరోజిని. తిరిగొచ్చి 1898లో డాక్టర్ గోవిందరాజులు నాయుడిని పెళ్లి చేసుకుని సరోజినీ నాయుడు అయింది. నాంపల్లిలో వాళ్ల ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్ ఇప్పటికీ ఉంది.

గిర్టన్ కాలేజీని 1869లో పెట్టిందే ఆడవాళ్లు అక్కడ ఉండి చదువుకోవడానికి. ఆ రోజుల్లో కేంబ్రిడ్జి ఆడవాళ్లని పరీక్షలు రాయనిచ్చింది కానీ డిగ్రీ చేతికివ్వలేదు. అది ఇవ్వడానికి 1948 దాకా పట్టింది. అంటే డిగ్రీ కంటే ముందు ఆడవాళ్లు సంపాదించుకున్నది గది! 1928లో వర్జీనియా వుల్ఫ్ ఆడవాళ్లూ రచనా అనే విషయం మీద ఉపన్యాసాలిచ్చిన రెండు కాలేజీల్లో గిర్టన్ ఒకటి. ఆ ఉపన్యాసాలే మరుసటి ఏడాది పుస్తకంగా వచ్చాయి. ఆడది రాయాలంటే కొంత సొంత డబ్బు, ఒక సొంత గది ఉండాలన్నది ఆవిడ వాదన. ఆవిడ వచ్చి ఆ మాట చెప్పడానికి మూడు దశాబ్దాల ముందే మన హైదరాబాద్ పిల్ల అక్కడ ఉండి వచ్చింది.

మరి మన సంగతి? మా ఇల్లు రెజిమెంటల్ బజార్లో పాత ఇల్లు. గుమ్మం పక్కన పలక మీద మా మామగారి పేరు. కరెంటు బిల్లు మావారి పేరు మీద, ఇంటి పన్ను రసీదు మా బావగారి పేరు మీద. ఇరవై నాలుగేళ్లుగా ఈ ఇంట్లో ప్రతి మూలా తుడిచాను. నా పేరున్నది పెళ్లినాటి స్టీలు బిందె మీద! పుట్టింట్లో చెల్లెళ్లతో ఒకే చాప, ఇక్కడ పడగ్గది మా ఇద్దరిదీ. నా బీఏ తెలుగు పుస్తకాలు బీరువా మీద సూట్‌కేసులో ఉన్నాయి. నన్నెవరూ బాధపెట్టారని కాదు. మంచి కుటుంబమే. మంచి కుటుంబాల్లో కూడా ఆడదానికి గది ఉండాలని ఎవరికీ తోచదు, అంతే. తండ్రి ఇంటి నుంచి భర్త ఇంటికి వెళ్లే దారిలో, మధ్యలో ఒక్క రెండేళ్లయినా తన ఇల్లు అనేది మనకి రాలేదు. మన పిల్లలకి వస్తోంది. ఆ రెండేళ్లని కూడా తీసుకెళ్లి ఇంకొకరి వంటింట్లో పెడదామా?

భయాలు లేవని అనను. జ్వరం వస్తే ఎవరు చూస్తారు? ఒంటరితనంతో లోపల్లోపల కుమిలిపోతే? పక్క గదివాడు మంచివాడు కాకపోతే? ఇవి నిజమైన ప్రశ్నలే. కానీ చుట్టాల ఇల్లు వీటికి జవాబు కాదు. పక్క గదివాడు ఇబ్బంది పెడితే హాస్టల్ ఆఫీసుకి ఫిర్యాదు చెయ్యొచ్చు, గది మార్చమని అడగొచ్చు, 110కి ఫోన్ చేస్తే పోలీసులు వస్తారు. చుట్టాల ఇంట్లో ఎవరైనా ఇబ్బంది పెడితే ఆ పిల్ల ఎవరికి చెప్తుంది? మనకే చెప్పదు. "ఎందుకొచ్చిన గొడవ, వాళ్లతో సంబంధాలు చెడిపోతాయి" అని మనమే అంటామని దానికి తెలుసు. మనలో ఎంతమందిమి అలా నోరు నొక్కుకుని పెరిగామో గుండెల మీద చెయ్యేసుకుని చెప్పండి.

ఒంటరితనానికీ మందు ఆ కలిపి ఉన్న వంటిల్లే. వంతులవారీగా శుభ్రం చేసుకోవాలి. ఈ వారం వంతు మగపిల్లవాడిదైతే స్టవ్వు వాడే తోమాలి. కాగితాలు, ప్లాస్టిక్, కూరగాయల తొక్కలు, గాజుసీసాలు వేరువేరు డబ్బాల్లో వెయ్యాలి. రాత్రి పది దాటితే చప్పుడు చెయ్యకూడదు. ఇవన్నీ నలుగురికీ సమానం. ఆడపిల్ల కాబట్టి నువ్వు తోము అనే రూలు అక్కడ గోడ మీద ఉండదు. ఇద్దరు మగపిల్లలున్న వంటింట్లో మా పిల్ల గడిపే రెండేళ్లు, నేను చెప్పగలిగిన ఏ నీతిపాఠం కంటే దానికి ఎక్కువ పనికొస్తాయి.

ఖర్చంటారా? వీసా కోసం ఏడాదికి 11,904 యూరోలు అక్కడి బ్లాక్డ్ అకౌంటులో ఎలాగూ వెయ్యాల్సిందే. మన డబ్బులో పది లక్షల పైమాటే. నెలకి 992 చొప్పున అది పిల్ల ఖర్చులకే చేతికొస్తుంది. నా గాజులు బ్యాంకులో పెట్టి ఆ డబ్బు కట్టింది హాస్టల్ అద్దె మిగుల్చుకోవడానికి కాదు.

అందుకని అమ్మలూ, ఈ ఏడాది మీ ఇంటి నుంచి ఎవరు బయల్దేరుతున్నా, అబ్బాయైనా అమ్మాయైనా, అవే ప్రశ్నలు అడగండి. అగ్రిమెంటు ఎవరి పేరు మీద? తాళంచెవి ఎవరి దగ్గర? చిరునామా నమోదుకి కాగితం ఇస్తారా? అర్ధరాత్రి ఒంట్లో బాగాలేకపోతే 112కి ఫోన్ చెయ్యాలని తెలుసా? వీటికి జవాబులుంటే బెంగ సగం తగ్గుతుంది. మిగతా సగం తల్లికి ఎలాగూ ఉంటుంది. దాన్ని పిల్ల నెత్తిన పెట్టి పంపించకండి.

లైప్‌జిగ్‌లో వాళ్లకి రెండు కిలోల నెయ్యి, కోవా పంపించమని మా ఆడపడుచు అంది. యూరప్‌లోకి బయటి నుంచి పాలపదార్థాలు తీసుకెళ్లనివ్వరని చెప్పాను. కారప్పొడి పంపిస్తాను, పండక్కి వెళ్లి ఇచ్చి వస్తుంది. చుట్టంగా వెళ్లి, భోజనం చేసి, సాయంత్రం రైలుకి తన ఇంటికి తిరిగొస్తుంది.

జర్మనీలో పోస్టు డబ్బా మీద పేరు లేకపోతే ఉత్తరం ఇవ్వరట. అందుకని దిగిన రోజే పేరు రాసి అతికించాలి. మా పిల్ల చేత మొన్నే కార్డు ముక్క మీద రాయించి పాస్‌పోర్టు కవర్లో పెట్టించాను.